తంగేటి నీళ్లు

అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. "దీనికి పాలు పోసినా ఎందుకు తెల్లగుండాయని అడుగుతాది" అనేది మా అవ్వ. అటువంటి దాన్ని రాయచోటి పక్కనుంచి తెచ్చి, వేంపల్లెకు అవతల పల్లెలో, ఊరంతా దేవుని మనిషి అనే రత్నమణికి కోడల్ని చేశారు. పెళ్లికి పాటలు పాడిన వాళ్లలో ఒక్కరికీ ఇది కుదిరే బేరం కాదని తోచలేదు.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటేడు ఎండాకాలం సంగతి ఇది. బావుల్లో నీళ్లు అడుక్కు పోయాయి. నీళ్లు అడుక్కు పోయేకొద్దీ మా ఇంటికి పని ఎక్కువ. ఎద్దులతో కపిల తోలి బావి నీళ్లు తోడే రైతులకు తోలు బానలు కావాలి, పాతవి చిరిగితే కుట్లు వేయాలి. మా పెరట్లో తొట్ల నిండా తంగేడు చెక్క నానేసిన ఎర్రటి నీళ్లు, ఆ నీళ్లలో తోళ్లు. మా ఆయన దాసన్న తెల్లారింది మొదలు మోచేతుల దాకా అందులోనే. కొత్తలో ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. పోను పోను ఆ వాసన లేకపోతే ఆయన ఇంట్లో లేనట్టే అనిపించేది.

మా అత్త పని వేరు. ఆమె మిషను వాళ్ల బైబిలు ఆడమనిషి. తెల్లచీర కట్టుకుని, గుడ్డసంచి భుజాన వేసుకుని పల్లెపల్లెకూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించేది. జబ్బు చేసిన వాళ్లను బండెక్కించి పట్నంలో మిషను ఆసుపత్రికి తీసుకుపోయేది. అక్కడి డాక్టరు దొరసానికి ఆమె మాట మీద గురి. ఫలానా వాళ్లకు నొప్పి తగ్గలేదని మా అత్త చెబితే చాలు, మందు సీసా నిండేది. అంతకు ముందేడు కడుపులో రాయి నొప్పితో ఆమే ఆ ఆసుపత్రిలో చాన్నాళ్లు పడుకుని నయమై వచ్చింది.

ఒకరోజు కపిల బావిలో బాన తెగి ఇరుక్కుంటే దాసన్నను పిలిచారు. దాన్ని తీయడానికి దిగాడు, కాలి కింద మెట్టు జారింది. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఎముక సరిచేసి, బద్దలు కట్టి, కదలకుండా పడుకోవాలని చెప్పి ఇంటికి పంపారు. దాంతోపాటు ఒక సీసా ఇచ్చారు. ఎర్రటి మందు. నొప్పి తెలియనీయదు, నిద్ర పట్టిస్తుంది అన్నారు. అందులో ఉండేది నల్లమందేనని అప్పుడు నాకు తెలియదు.

సీసాను మా అత్త తన సంచిలో, బైబిలు పక్కన పెట్టుకుంది. పూటపూటకూ తనే తాపేది. తాపే ముందు ప్రార్థన. మా అత్త ప్రార్థనంటే పక్క వీధిలో గొడ్లు కూడా చెవులు రిక్కించాల్సిందే, అంత గొంతు. కానీ ఆ ఎండాకాలం ఒక కొత్త పద్ధతి పెట్టింది. గట్టి ప్రార్థన అయ్యాక, "ఇప్పుడు ఎవరికి వాళ్లు కండ్లు మూసుకొని, మనసులోనే వేడుకుందాం" అనేది. ఇల్లంతా నిశ్శబ్దం. కాసేపటికి "ఆమెన్" అనేది, మేమూ "ఆమెన్" అనేవాళ్లం. చెంచా దాసన్న నోట్లోకి పోయేది.

మందైతే పోతోంది గానీ నొప్పి పోవడం లేదు. మనిషి మంచం పట్టీలు పట్టుకుని పండ్లు కొరికేవాడు. ఓర్చుకోలేక మెలికలు తిరిగేవాడు. బద్దలు వదులయ్యేవి.

"ఏందత్తా, ఈ మందు పని చేయడంలేదే?" అని అడిగాను.

మా అత్త నిట్టూర్చింది. "ఏమో ఏసుమణీ. దావలో ఎవురన్నా నీళ్లు కలుపుతాండారేమో. ఒకరి మీద చెప్పకూడదు గానీ."

చెప్పకూడదంటూనే చెప్పింది. దావలో అంటే ఇంకెవరు? సీసాలు వచ్చేది రసూల్ సాహెబ్ బండిలో. ఆయన మా దగ్గర తోళ్లు కొని పట్నంలో అమ్ముతాడు. వచ్చేటప్పుడు ఆసుపత్రి నుంచి సీసా తెచ్చి భార్య చాంద్ బేగం చేతికిస్తాడు, ఆమె మా ఇంటికి తెచ్చి ఇస్తుంది. నా వంటి దానికి అంత దారి చూపిస్తే చాలు. మరునాడే వాళ్లు తోళ్లు ఆరేసే చోటికి పోయి నిలదీశాను.

"మందులో నీళ్లు పోసి మిగిలింది ఎవురికి అమ్ముకుంటాండారక్కా?"

చాంద్ బేగం చేతిలో తోలు కింద పడేసింది. ఆమె నోరు కూడా తక్కువేమీ కాదు.

"ఏమ్మే, మీ ఇంట్లో సంగటి తిన్యా, నీ పెండ్లికి నేనొచ్చి గాజులు తొడిగినా. నీ మొగుని నొప్పి అమ్ముకుని తినాల్నా నేను? పో, నీ మొహం చూపీవాకు!"

తర్వాతి సీసా వచ్చినప్పుడు దాని బిరడా చుట్టూ లక్క పోసి ఉంది. ఆసుపత్రి గుమ్మంలోనే, అందరి ముందరా చాంద్ బేగం తన భర్తతో పోయించిందట. తెచ్చి మా గడప మీద పెట్టి, నా వైపు చూడకుండా పోయింది.

ఆ లక్కను మా అత్తే పగలగొట్టింది. ఆ పూట నేను దగ్గరుండి చూశాను. ప్రార్థన, నిశ్శబ్దం, ఆమెన్, చెంచా. ఆ మధ్యాహ్నం దాసన్న అరిచిన అరుపుకు తొట్టి దగ్గర పడుకున్న కుక్క లేచి పోయింది.

 దారిలో ఎవరూ ముట్టలేదు. అయితే ఇంట్లోనే ఏదో ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. మాది వేరే దేవుడు గనక పట్టుకుంటాడేమోనని ఆశపడ్డాను. అయినా ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను కాదు. అత్తను అనుమానించడమంటే గుడిగంటను అనుమానించడమే. మిగిలింది మంచం మీది మనిషి.

"నిజంగా నొప్పేనా, లేకుంటే పని తప్పించుకోనా?" అని అడిగేశాను. అడిగిన నాలుకను అప్పుడే కరుచుకున్నాను గానీ మాట బయట పడిపోయింది.

దాసన్న నా వైపు చూశాడు. కోపం రాలేదు. "నీకు ఎట్లనిపిస్తే అట్లే అనుకో మే" అని గోడ వైపు తిరిగాడు. తిరగడానికి ఆయన పడిన పాట్లు చూసి నాకు ఏడుపొచ్చింది. నటించే వాడు అట్లా తిరగడు.

ఇక మా అత్త. ఆమె తిండి తగ్గింది. సంగటి ముద్ద ముట్టకుండా బెల్లం ముక్క చప్పరించేది. కూర్చున్నచోటే రెప్పలు వాలిపోయేవి, ముక్కు గోక్కునేది. బుగ్గలు లోపలికి పోయాయి. ఊరి ఆడవాళ్లు గుంపుగా వచ్చి, "కొడుకు కోసరం ఉపవాసముండాది తల్లి. చూడు, ఎట్ల చిక్కిపోయిందో" అని కంటనీరు పెట్టుకున్నారు. మిషను గుడిలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేశారు. నాకూ ఉపవాసమే అనిపించింది. మాలో ఎవరైనా తినకుండా కండ్లు మూసుకుని కూర్చుంటే ఇంకేమనుకుంటాం? మధ్యలో ఒకసారి రసూల్ సాహెబ్ బండి ఇరుసు విరిగి సీసా రావడం ఆలస్యమైంది. అప్పుడు ఆమె పెద్దగా ఆవులించింది, ముక్కు కారింది, నడి ఎండలో గొంగడి కప్పుకుంది. పడిశం అనుకున్నాను. మిరియాల కషాయం కాచిచ్చాను కూడా.

పల్లెలు తిరిగే కాంపౌండరు వచ్చి కాలు చూశాడు. తొడ వాచి ఉంది, కాలు పక్కకు తిరిగి ఉంది. ఆయన మొహం ముడుచుకుంది.

"ఎముక కదిలిందమ్మా. మందు తాగి గమ్మున పడుకోమంటే ఈ మనిషి కుస్తీ పడుతున్నాడా? ఇట్లాగే వదిలేస్తే కాలు కురచ పడుతుంది. పుండుపడితే కాలే తీసేయాల్సి వస్తుంది."

కాలు తీసేయడం! మా ఆయన తోలు కుట్టేది రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుని. కాలు పోతే బతుకే పోయినట్టు. నేను బయటికి వచ్చి తొట్టి గట్టు మీద కూర్చుని, దేవుణ్ణి అడగాల్సింది పోయి మళ్లీ అనుమానాన్నే అడిగాను. ఎక్కడ పోతోంది ఆ మందు?

ఆ సాయంత్రం ఇంకా వెలుతురుండగానే మా అత్త ప్రార్థన మొదలుపెట్టింది. పక్కన సంచి, సంచి పక్కన ఆమె ఊర్లు తిరిగేటప్పుడు నీళ్లు పట్టుకుపోయే మరచెంబు. "ఇప్పుడు ఎవరికి వాళ్లు" అంది. నేను కండ్లు మూసుకున్నాను. మూసుకున్న కండ్లలోనే ఒక మాట మెదిలింది. ఇంత గొంతున్న మనిషికి మౌనంతో ఏం పని?

ప్రార్థనలో కండ్లు తెరవడం పాపమని చిన్నప్పటినుంచీ చెప్పారు. తెరిచాను.

మా అత్త సీసా ఎత్తి గుక్కెడు తాగింది. చప్పుడు కాకుండా బిరడా పెట్టింది. మరచెంబు మూత తిప్పి, అందులోంచి ఎర్రటి నీళ్లు చెంచాలోకి వంచింది. పిల్లి కండ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈమె మాత్రం మా కండ్లు మూయించి తాగింది. నేను అరవబోయి మంచం వైపు తిరిగాను.

దాసన్న కండ్లు కూడా తెరిచే ఉన్నాయి. తల్లినే చూస్తున్నాడు. నేను చూడడం చూసి, మెల్లగా రెప్పలు మూసుకున్నాడు.

"ఆమెన్" అంది మా అత్త.

"ఆమెన్" అన్నాడు ఆయన. నోరు తెరిచాడు.

మరునాడు ఆమె నీళ్లకు పోయినప్పుడు మంచం పక్కన కూర్చున్నాను.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మొదటి దినమే. వగరు నాలిక్కి తగల్తానే తెలిసిపాయ. తంగేటి నీళ్లు మే అవి, మన తొట్టివి. నేను పుట్టిందే ఆ తొట్టి పక్కన. నాకు తెలీకుండా ఎవురు తాపుతారు?"

"తెలిసీ ఎందుకు తాగినావు?"

"మాయమ్మ ఇచ్చింది."

నా ఒళ్లు మండిపోయింది. "ఇదేం తల్లిప్రేమప్పా! తోళ్లు నానేసే నీళ్లు!"

"మెల్లగ మాట్లాడు. మొన్న సీసా రాలేదు చూడు, అప్పుడు ఆయమ్మ ఈడనే, గోడకానుకొని వణికింది. కాళ్లు నిలపలేకపాయ. నువ్వు పడిశమనుకుంటివి. నాకు ఒక కాలే ఇరిగింది మే. ఆయమ్మకు ఒళ్లంతా ఇరిగినట్టుండాది. నాది అతుక్కుంటాది."

"అతుక్కోలే కదా! కాంపౌండరు చెప్పింది విన్లేదా? కాలు పోతాది నీకు!"

 ఆ మనిషిని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. కాలు కదులుతుందని రెండూ చేయలేదు.

నీళ్లు తెచ్చి దించి, మా అత్త చీర మార్చుకుని సంచి తగిలించుకుంది. నేను వాకిలికి అడ్డంగా నిలబడ్డాను.

"యాడికత్తా?"

"పట్నం. మందైపాయ గదా. దేవుని పని కూడా ఉండాది."

"దేవుని పనికి బైబిలు చాలు. సీసా ఈడ పెట్టి పో. ఆ మరచెంబు కూడా."

ఆమె నన్ను చూసింది. కోపం వస్తుందనుకున్నాను, దబాయిస్తుందనుకున్నాను. వాటికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె మాత్రం లోపలి గది వైపు చూసి, గొంతు తగ్గించి ఒకటే అడిగింది.

"వానికి తెల్సునా?"

"మొదటి దినం నుంచి."

"తెలిసే ఆమెన్ అంటాండెనా?"

నేను తలూపాను. ఆమె గడప మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. సంచి భుజం మీదినుంచి తీసి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"కడుపులో రాయి నొప్పి పోయింది ఏసుమణీ. మందు పోలే. నొప్పి లేకున్నా ఉండాదని చెప్పి తాగినా. దొరసాని ఇంక చాలనింది. అప్పుడు మంది పేర్లు చెప్పినా. ఏ ఊర్లో ఎవురికి నొప్పున్నా సీసా నాది, మరచెంబు వాళ్లది. బిడ్డకు మాత్రం చేయకూడదనుకున్యా. చేతులు వినలే."

ఎంతమంది ముసలమ్మలు ఆమె చేతి తంగేటి నీళ్లు తాగి, నొప్పి తగ్గకపోతే తమ విశ్వాసం చాలలేదని అనుకున్నారో. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అప్పుడు నేను చాంద్ బేగం ఇంటికి పోయాను. "అక్కా, తప్పయిపాయ" అన్నాను.

"తప్పు అట్ల పెట్టు. ఎవురు?"

చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "కర్నూల్లో మా నాయనమ్మ నల్లమందు తినేది. ఆవులింతలు చూస్తే తెలుస్తాది."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్ముంటివా? నీళ్లు కలిపేదాన్ని గదా నేను." అంటూనే చెప్పులేసుకుంది. "మా నాయనమ్మతో మాన్పించేటప్పుడు గది బయట గొళ్లెం పెట్టినారు. ఆయమ్మ గొంతు ఇంకా నా చెవుల్లో ఉండాది. మీ అత్తకు గొళ్లెం వద్దు. పక్కన కూసుందాం, పా."

ఊర్లో జ్వరమని చెప్పాం. ఒకే ఇంట్లో మంచం మీద కొడుకు, చాప మీద తల్లి. ఇద్దరికీ మందు లేదు. సీసా ఇంట్లో ఉంటే మా అత్త ఆగలేదని తెప్పించలేదు. రాళ్లు పగిలే ఎండలో ఆమె గొంగడి అడిగింది, కప్పగానే విసిరికొట్టింది. వాంతులు, విరేచనాలు. కాళ్లు నేలకేసి కొట్టుకుంది. చాంద్ బేగం గంజి తాపింది, ఆమె దాన్ని చాంద్ బేగం మొహాన ఊసింది. బైబిలు చదివే నోటినుంచి నేను ఎన్నడూ వినని తిట్లు వచ్చాయి. మళ్లీ అదే నోరు వాక్యం తీసింది.

"దప్పిగొన్నోనికి ఇయ్యమని ప్రభువు చెప్పలేదా? ఒక్క చుక్క తెప్పీ ఏసుమణీ!"

"నీళ్లిస్తా అత్తా. ఎన్ని కావాలంటే అన్ని నీళ్లిస్తా."

ఒకసారి కడుపు పట్టుకుని పొర్లింది. రాయి మళ్లీ వచ్చింది, చచ్చిపోతున్నా, బండి కట్టించు అంది. నిజమేమో. అబద్ధమేమో. చాంద్ బేగం వైపు చూస్తే ఆమె కూడా తల అడ్డంగా ఊపింది, తెలియదని. పుట్టినప్పటినుంచీ అనుమానంతో కాపురం చేసిన దాన్ని, ఆ గడియలో మాత్రం అది నాకు ఏ దారీ చూపలేదు. "బండి కట్టించు మే" అని మంచం మీదినుంచి దాసన్న ఏడ్చాడు. నేను కట్టించలేదు. ఆమె చచ్చిపోతే నేనే చంపినదాన్నవుతానని తెలిసీ ఆమె రెండు చేతులూ పట్టుకుని కూర్చున్నాను. 

చావలేదు. ఆమె ఒకనాడు తనంతట తానే లేచి గోడ పట్టుకుని బయటికి పోయి, తొట్టి దగ్గర మొహం కడుక్కుంది. లోపలికి వచ్చి సంగటి అడిగింది. చాంద్ బేగం అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లూ ఏడవలేదు.

ఆ మరునాడే రసూల్ సాహెబ్ బండిలో గడ్డి మందంగా పరిచి అందరం పట్నం పోయాం. దాసన్న కాలు మళ్లీ సరిచేశారు. తీసేయాల్సిన పని లేదన్నారు, కొంచెం కుంటుతాడన్నారు. దొరసాని ఎప్పటిలాగే సీసాను మా అత్త చేతికి ఇవ్వబోయింది. మా అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నా చేతికియ్యొద్దు దొరసానీ. కోడలి చేతికియ్యండి. ఇంగ నా మాట మీద ఎవురికీ ఇయ్యొద్దు."

దొరసాని చేయి అట్లాగే ఆగింది. తర్వాత ఇద్దరూ మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు, నన్ను దూరంగా పొమ్మన్నారు. ఏం మాట్లాడుకున్నారో ఈ రోజుకీ నాకు తెలియదు. అడిగితే ఎవరూ చెప్పలేదు. తెల్లచీర, సంచి మాత్రం ఆ తర్వాత మా ఇంట్లో కనపడలేదు. మా అత్త తొట్టి పనిలోకి దిగింది.

ఇల్లు చేరిన సాయంత్రం తొలి వాన కురిసింది. తొట్ల మీద తాటాకులు కప్పి, తడిసిన తలలతో మంచం చుట్టూ చేరాం. సీసా నా నడుముకు కట్టిన గుడ్డలో ఉంది. మా అత్త నా వైపు చేయి చాచింది. "నేనే తాపుతా" అంది.

ఇవ్వాలా? సీసా తీశాను గానీ పట్టు వదల్లేదు. ఆమె చెంచా పట్టుకుంటే నేనే అందులోకి వంచాను. ఆమె ప్రార్థన మొదలుపెట్టింది, పాత గొంతుతో, గొడ్లు చెవులు రిక్కించేటట్టు. నాకు అలవాటుగా కండ్లు మూతపడబోయాయి.

"మూసుకోవద్దు" అంది. "ఇంగ ఈ ఇంట్లో కండ్లు తెరుచుకొనే ప్రార్థన."

ప్రార్థన అయింది. చెంచా దాసన్న వైపు పోతుందనుకున్నాను. నా నోటి దగ్గరికి వచ్చింది.

"ముందు నువ్వు చూడు."

నాలుక కొనతో చూశాను. కటిక చేదు. తలూపాను. అప్పుడు తాపింది. దాసన్న మొహం ముడుచుకుని, "థూ, ఏం చేదమ్మా ఇది!" అన్నాడు. ఆ ఎండాకాలమంతా తల్లి చేతి మందుకు ఆయన వంక పెట్టడం అదే మొదలు. మా అత్త ఆయన మూతి తుడుస్తూ అట్లాగే నిలబడిపోయింది.

కాలు అతికి ఆయన లేచే వరకూ ప్రతి పూటా అంతే. చెంచా ముందు నా దగ్గరికి వచ్చేది. ఆమె ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నేను కూడా ఒక్కసారైనా, వద్దులే అత్తా అనలేదు.